లప్పం కింద తుప్పు

మా గ్యారేజీ గోడకి మూడేసి అంగుళాల ఇనప ముక్కలు వరసగా వేలాడుతున్నాయి. "మా" అన్నాను గానీ గ్యారేజీ నాది కాదు, నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలిది. ప్రతి ముక్కకీ పురికొసతో ఒక అట్టముక్క కట్టి ఉంటుంది. దానిమీద తేదీ, కారులో ఏ భాగం నుంచి కోసిందీ, ఎవరు కోసిందీ రాసి ఉంటాయి. రెండు అట్టల మీద నా పేరు తెలుగులో ఉంది. "నీ లిపిలోనే రాయి. కావలసినవాళ్ళు కష్టపడి చదువుకుంటారు" అందావిడ.

ఈ ముక్కల గురించీ, మా అమ్మమ్మ నోటు పుస్తకంలోంచి నేను కోసేసిన మూడు పేజీల గురించీ రాయాలని చాలా నెలలుగా అనుకుంటున్నాను. ఈ రెంటికీ ఏం సంబంధమని మీకు అనిపించవచ్చు. చాలాకాలం నాకూ తట్టలేదు.

రెండేళ్ళ పరిశోధన పని మీద దక్షిణ కాలిఫోర్నియా వచ్చాను. లాస్ ఏంజెలెస్‌కి తూర్పుగా, ఎండకి మాడే ఒక చిన్న ఊళ్ళో, గ్యారేజీ పైన ఒంటి గది. యజమానురాలికి డెబ్బై దాటాయి. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయింది. పేరు పెట్టి పిలవమంటుంది. మా అమ్మకంటే పెద్దది, నాకు నోరు రాదు. "మేడమ్" అంటే నవ్వుతుంది. ఇక్కడ "ఆవిడ" అనే రాస్తాను. భర్త చనిపోయే నాటికి ఆయన సగంలో వదిలిన కారొకటి గ్యారేజీలో దుప్పటి కప్పుకుని ఉండిపోయింది. 1931 నాటి ఫోర్డ్ మోడల్ ఎ కూపే. అందరూ అమ్మేయమన్నారు. ఆవిడ అమ్మలేదు సరికదా, ఊళ్ళో కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళి సాయంత్రం వెల్డింగ్ క్లాసులో చేరింది. నేను గదిలో దిగిన మొదటి ఆదివారమే కిందినుంచి గ్రైండర్ చప్పుడు వినిపించింది. ఏమిటా అని తొంగి చూస్తే, "కాస్త ఈ కొస పట్టుకుంటావా?" అంది. అప్పటినుంచీ పట్టుకునే ఉన్నాను.

హాట్ రాడ్ అంటే పాత కారుని యథాపూర్వంగా బాగుచేయడం కాదు. పాత ఒంటిని తీసుకుని, మడ్‌గార్డుల్లాంటి బరువులు పీకేసి, పెద్ద ఇంజను పెట్టి, పైకప్పు కోసి కిందికి దించి, పరుగు పెంచడం. ఈ పిచ్చి పుట్టింది ఈ ప్రాంతంలోనే. 1930లలో ఇక్కడి కుర్రాళ్ళు మురాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిపోయిన సరస్సుల మీద, సిమెంటులా గట్టిపడిన నేల మీద, కార్లు తోలి వేగం కొలుచుకునేవాళ్ళు. 1937లో వాళ్ళంతా కలిసి సదర్న్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నారు. ఫోర్డ్ కంపెనీ మోడల్ ఎ కార్లు దాదాపు నలభై ఎనిమిది లక్షలు తయారుచేసింది. దాని నాలుగు సిలిండర్ల ఇంజను శక్తి 40 హార్స్ పవర్. 1932లో అదే కంపెనీ ఎనిమిది సిలిండర్ల ఇంజనుని 65 హార్స్ పవర్‌తో చవక కారులో పెట్టింది. కొన్నేళ్ళకి ఆ ఇంజన్లు పాత ఇనప సామాను కొట్లకి చేరాయి. కొత్త స్పోర్ట్స్ కారు కొనే తాహతు లేనివాళ్ళు ఆ ఇంజను తెచ్చి ఈ తేలిక ఒంట్లో బిగించారు. అంటే ఇది డబ్బులేనితనం నేర్పిన విద్య. ఇప్పుడు డబ్బున్నవాళ్ళ సరదా అయిందనుకోండి, అది వేరే కథ.

చూశారా, "కుర్రాళ్ళు" అని ఎంత సులువుగా రాశానో. ఆ అసోసియేషన్ పందాల్లో నడిపిన మొదటి స్త్రీ పేరు వేడా ఆర్. ఆ పేరు మొదటిసారి చూసినప్పుడు "వేద" అనే చదువుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కుర్రాళ్ళంతా సైన్యంలోకి వెళ్తే, వాళ్ళ వార్తాపత్రికని నడిపి యుద్ధరంగాలకి పంపింది ఆవిడే. తరవాత పుస్తకాలూ వేసింది. అయినా తర్వాతి తరాలకి మిగిలిన బొమ్మ మాత్రం నూనె మరకల బనీనుతో నిలబడ్డ కుర్రాడిదే.

మన దగ్గరా అంతేగా. దసరాకి ఆయుధపూజ రోజున నాన్న స్కూటరుకి పసుపు, కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టేది అమ్మ. పెట్టెలోని పానాలకీ, సుత్తికీ కూడా బొట్టు పెట్టేది. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ ఆ పెట్టె ఎక్కడుందో కూడా ఆమెకి తెలియదు. నా చేతికి పానా మొదటిసారి తగిలింది ముప్పై నాలుగేళ్ళ వయసులో, ఇక్కడ. విడిభాగాల కొట్లో మేమిద్దరం వెళ్ళి నిలబడితే కౌంటరు దగ్గర మనిషి "మీవారు ఏ కారు బాగుచేస్తున్నారు?" అని అడిగాడు. ఆవిడ "ఆయన పైనుంచి చూస్తున్నారు, కింద పని మాది" అంది. నేను నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేశాను.

తుప్పు వదిలించడం నాకిష్టమైన పని. ప్లాస్టిక్ తొట్టెలో నీళ్ళు పోసి, చాకలిసోడా కలిపి, తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ చార్జరు నెగటివ్ తీగకీ, పనికిరాని ఇనప రేకుని పాజిటివ్ తీగకీ తగిలించి రాత్రంతా వదిలేయాలి. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు మాత్రం వాడకూడదు, నీళ్ళు విషమవుతాయి. తెల్లారేసరికి తుప్పంతా నల్లటి మడ్డిగా మారి, రుద్దితే ఊడి వస్తుంది. ఆవిడకి ఇంగ్లీషులో చెప్పినప్పుడు అది ఉత్త వాషింగ్ సోడా. తెలుగులో రాసేసరికి అందులో ఒక కులం వచ్చి కూర్చుంది. ఈ మాట దగ్గరకి మళ్ళీ వస్తాను.

పైకప్పు కోయబోతున్నామని తెలిసి ఒకాయన వచ్చాడు. పాత కార్లను యథాతథంగా కాపాడే సంఘంలో సభ్యుడట. ఒంటి చుట్టూ తిరిగి చూసి, తొంభై ఏళ్ళు దాటి ఇంత బాగా మిగిలిన రేకుని కోయడం నేరమన్నాడు. అసలు రూపం పోతే మళ్ళీ రాదన్నాడు. మంచి ధర ఇచ్చి కొంటానన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. గొంతులో నిజమైన బాధ ఉంది. ఆవిడ మర్యాదగా కాఫీ ఇచ్చి పంపేసి, "ఇది 1931లో ఏ రైతో సంతకి వెళ్ళడానికి కొనుక్కున్న చవక కారు. గుడి ఎప్పుడయింది?" అంది.

నేను వెంటనే ఆవిడ పక్షం చేరిపోయాను. చేరక ఏం చేస్తాను? ఇతిహాసాలని స్త్రీలు తిరగరాయడం మీద డాక్టరేట్ చేసినదాన్ని. శూర్పణఖనీ అహల్యనీ కొత్తగా రాస్తే పవిత్ర గ్రంథం పాడైపోయిందని అరిచిన వాళ్ళందరికీ జవాబులు రాసినదాన్ని. మనకోసం తయారు కానిదాన్ని మనకి సరిపోయేలా మార్చుకునే హక్కు మనకుందని నా సిద్ధాంత గ్రంథంలో మూడో అధ్యాయమంతా చెప్పాను. పాతదాన్ని కోయవచ్చా అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు తయారుగా ఉంది. పై గదిలో నా బల్ల మీద అప్పటికే ఒక కోత పూర్తయి ఉందన్న సంగతి గుర్తు రాలేదు.

అమ్మమ్మ నోటు పుస్తకం 1956 నుంచి 1963 దాకా నడిచింది. తెనాలి దగ్గర పల్లె. పాల లెక్కలు, మంగళహారతులు, తాతయ్య పిసినారితనం మీద విసుర్లు, తమ్ముడి బడి పుస్తకాలు దొంగతనంగా చదివిన జ్ఞాపకాలు. పొయ్యి ముందు కూచుని పెన్సిలుతో రాసుకుంది. అచ్చు వేయడానికి ఒక చిన్న ప్రచురణ సంస్థ ఒప్పుకుంది. సంపాదకురాలిని నేను. ముందుమాటలో "అక్షరదోషాలు దిద్దడం తప్ప యథాతథంగా" అని రాశాను.

కారు సంగతికి వస్తాను. కోతకి ముందు ఒళ్ళంతా గట్టిగా ఉందో లేదో చూడాలి. దానికి చిన్న ఉపాయం ఉంది. పలచని గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని రేకు మీద జరుపుతూ పోవాలి. ఇనుము ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. కుడివైపు ఒంటికి వంక లేదు. ఎడమవైపు, వెనక చక్రం పైన, అయస్కాంతం జారి కింద పడింది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ పడింది. ఆవిడ మాట్లాడకుండా ఉలి తీసుకుంది. వేలు మందాన లప్పం పెచ్చులుగా ఊడివచ్చింది. దాని కింద కోళ్ళగూటి జాలీ, జాలీ వెనక ఉండచుట్టి కూరిన న్యూస్‌పేపరు, పేపరు వెనక అరచేయంత తుప్పు కన్నం.

ఎడమవైపు పని అయిపోయిందని భర్త ఆవిడతో చెప్పాడట. నున్నగా రుద్ది, ప్రైమరు కూడా కొట్టి చూపించాడట. పేపరు విప్పి తేదీ చూసింది. ఆయనకి చేతులు వణకడం మొదలైన సంవత్సరం అది.

స్టూలు లాక్కుని కూర్చుంది. నాకేం చెప్పాలో తెలియలేదు. చాలాసేపటికి, "చేత కావట్లేదని చెబితే నేను పట్టుకునేదాన్ని కదా" అంది. ఇంకొంచెం సేపు పోయాక, "అమ్మేసి ఉంటే, ఈ కారు కొన్నవాడు ఆయన్ని ఏమనుకునేవాడు?" అంది.

అట్టముక్కలు మొదలైంది ఆ రోజునుంచే. ఆ న్యూస్‌పేపరు ఉండ కూడా గోడ మీద వేలాడుతోంది. అట్ట మీద ఆయన పేరు, తేదీ, "చేతులు బాగాలేవు" అని రెండు మాటలు.

కోత గురించి కొంచెం చెప్పాలి. సినిమాల్లో చూపించినట్టు నిప్పురవ్వల పండగేమీ కాదు. ముందు లోపలివైపు ఇనప గొట్టాలు అడ్డంగా వెల్డు చేయాలి, లేకపోతే కోయగానే ఒళ్ళు విచ్చుకుపోతుంది. తర్వాత ప్రతి స్తంభం మీదా టేపు అంటించి గీతలు. కొలతలు ఆవిడ మూడుసార్లు తీస్తుంది, లెక్కల టీచరు మరి. మోడల్ ఎ ముందు స్తంభాలు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి మూడంగుళాలు తీసేసినా పైకప్పు ఇంచుమించు తన చోట్లోనే దిగుతుంది. ఏటవాలు స్తంభాలున్న తర్వాతి కార్లతో అవస్థ ఎక్కువ, పైదీ కిందదీ కలవవు. కప్పు ఎత్తి పక్కన పెట్టిన రాత్రి కారు తల లేనిదానిలా ఉంది. నాకు నిద్ర పట్టలేదు. అతికించడం ఇంకా నిదానం. ఇక్కడొక చుక్క వెల్డింగు, చల్లారాక దూరంగా ఇంకో చుక్క, మళ్ళీ వెనక్కి. ఒకేచోట గీత లాగితే వేడికి రేకు వంకర తిరుగుతుంది. ఒక జానెడు అతుక్కి ఒక పూట. నా చుక్కలు బఠాణీల్లా వచ్చాయి. ఆకురాయి పెట్టి అరగదీయడమే ఒక వారం.

అతుకుల మీద చివరికి పలచగా లప్పం రాస్తున్నప్పుడు నాకు సందేహం వచ్చింది. అడిగాను. "మనం కూడా దాస్తున్నాం కదా? రంగు వేశాక ఈ కోత ఎవరికీ కనపడదు. మీవారు చేసినదానికీ దీనికీ తేడా ఏమిటి?"

ఆవిడ చెయ్యి ఆపలేదు. "దీని కింద గట్టి ఇనుముంది. చూసేవాళ్ళకి అతుకు కనపడక్కర్లేదు. విప్పేవాళ్ళకి తెలియాలి. అట్టలూ, పుస్తకమూ కారుతో పాటు వెళ్తాయి" అంది. ఏ రోజు ఏం చేశామో రాసే లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. అందులో నా బఠాణీలు కూడా ఎక్కాయి.

ఆ మాట పట్టుకుని మెట్లెక్కాను. బెంగుళూరు నాగరత్నమ్మ కథ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అచ్చయిన 'రాధికా సాంత్వనము'లో ముద్దుపళని తన ఇంటి ఆడవాళ్ళ సాహిత్య వారసత్వం చెప్పుకున్న పీఠికనీ, కొన్ని పద్యాలనీ తీసేశారని గుర్తించి, వ్రాతప్రతి సంపాదించి 1910లో పూర్తి పాఠాన్ని అచ్చువేయించింది. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ఈ కథని నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ నన్ను నేను నాగరత్నమ్మ వైపునే ఊహించుకున్నాను. కోసినవాళ్ళు ఎప్పుడూ మగ పండితులే, మర్యాదస్తులే. ఆ రాత్రి లెక్క తిరగేసి చూస్తే, నేను కూర్చున్నది ఏ కుర్చీలోనో తెలిసింది.

నేను తీసేసిన పేజీల్లో ఉన్నది ఇది. 1961లో ఒక పట్టుచీర కనపడలేదు. ఉతకడానికి వేశాననుకుంది అమ్మమ్మ. బట్టలు తీసుకెళ్ళే చాకలామె మీద దొంగతనం కట్టింది. పేరుతో, కులంతో కలిపి తిట్టిన తిట్లు పెన్సిలు విరిగేట్టు నొక్కి రాసింది. తాతయ్య పెద్దమనుషులకి చెప్పాడు. ఆ ఏడు వాళ్ళకి రావలసిన మేర గింజలు ఎవరూ కొలవలేదు. కుటుంబం ఊరు విడిచిపోయింది. ఐదు నెలల తర్వాత ఒక ముక్క ఉంది. చీర ట్రంకుపెట్టె అడుగున, దుప్పటి మడతలో దొరికిందనీ, ఎవరికీ చెప్పలేదనీ. తర్వాతి రోజు నుంచి మళ్ళీ పాల లెక్కలు.

ఎందుకు తీసేశాను? కులదూషణని మళ్ళీ అచ్చులోకి తేకూడదని నాకు నేను చెప్పుకున్నాను. మంచి కారణమే, సిద్ధాంతం కూడా తోడుంది. కానీ తిట్లు మాత్రమే తీసి మిగతాది ఉంచవచ్చుగా? ఉంచలేదు. అమ్మమ్మని పాఠకులు ప్రేమించాలని నా ఆశ. చదువుకోవాలని ఏడ్చిన ఆడపిల్ల, పొయ్యి ముందు రాసుకున్న రచయిత్రి. ఆ బొమ్మకి అడ్డం వచ్చినచోట లప్పం పెట్టి నున్నగా రుద్దాను. ముందుమాట రంగు వేశాను. పితృస్వామ్యం కింద నలిగిన గొంతు అని నేను రాసిన వాక్యం అబద్ధం కాదు. కానీ ఆ గొంతే ఇంకో ఆడదాన్ని ఊరు వెళ్ళగొట్టింది. తప్పని తెలిసిన రోజున కాగితానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ కాగితం నా చేతికొస్తే నేనూ ఎవరికీ చెప్పలేదు.

అయితే పేజీలు తిరిగి పెట్టేస్తే సరిపోతుందా? ఇక్కడే కారు పోలిక నాకు పనికిరాకుండా పోయింది. పైకప్పులోంచి కోసిన ఇనుముకి నొప్పి లేదు, వారసులు లేరు. ఆ పేజీల్లో ఉన్నది ఒక మనిషి. బహుశా ఆమె పేరు ఏ పుస్తకంలోనైనా ఉంటే ఇందులోనే ఉండాలి, అదీ దొంగ అన్న మాట పక్కన. నా నిజాయితీ చూపించుకోవడానికి ఆమెని ఇంకోసారి పెద్దమనుషుల ముందు నిలబెట్టనా? పేరు తీసేస్తే మళ్ళీ మాయం చేసినట్టు. ఉంచితే అడగకుండా వాడుకున్నట్టు. ఆవిడ పద్ధతిలో అట్ట మీద "ఇక్కడ మూడు పేజీలు తీసేశాను" అని రాయవచ్చు, అది నా వరకు నిజం. కానీ కోసిన ముక్క నాది కాదు కదా.

అమ్మకి ఫోన్ చేశాను. పేజీల సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు.

"ఆ చీర సంగతి ఇప్పుడెందుకే? అమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది."

"నీకు తెలుసా అమ్మా?"

"తెలియకేం. నాకు ఆరేళ్ళు. పెట్టెలోంచి తీసింది నేనే, బొమ్మకి చుడదామని. అమ్మ నా నోరు మూసింది." మళ్ళీ ఆగింది. "బీరువాలోనే ఉంది. నువ్వు డాక్టరేట్ పట్టా తీసుకున్న రోజున కట్టుకున్నావే, మెరూన్ అంచుది, అదే."

ఆ ఫొటో నా బల్ల మీదే ఉంది. నల్ల గౌను కింద మెరూన్ అంచు నాలుగు వేళ్ళ వెడల్పున కనిపిస్తుంది.

ప్రచురణ సంస్థకి రాసి అచ్చు ఆపించాను. ముందుమాటలోని ఆ వాక్యం తప్పని కూడా రాశాను. వాళ్ళు విసుక్కున్నారు, సహజమే. ఒక స్నేహితురాలు "మీ అమ్మమ్మని నువ్వే బజారుకీడుస్తావా?" అంది. ఇంకొకామె, "నీ పశ్చాత్తాపానికి వాళ్ళు ఇప్పుడు శ్రోతలు కావాలా?" అని అడిగింది. రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పేజీలు ఉండాలా, పేరు ఉండాలా, అసలు ఆ పుస్తకం రావాలా అని ఆమె మనుషులు చెప్పే హక్కు ముందు, నా హక్కు తర్వాత అని మాత్రం అనుకుంటున్నాను. వాళ్ళు వద్దంటే పుస్తకం రాదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఊరి పేరూ, ఆమె పేరూ రాయకపోవడానికి కారణం అదే.

అమ్మ నాలుగు రోజులు వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఒక నంబరు పంపింది. ఆ చాకలామె మనవరాలు గుంటూరులో నర్సుగా పనిచేస్తోందట. నంబరు కింద "జాగ్రత్తగా మాట్లాడు" అని రాసింది అమ్మ.

కారు ఇంకా నడవలేదు. ఇంజను దిమ్మలో ఎగ్జాస్టు దారులు నీటి గదుల మధ్యనుంచి పోతాయి, అందుకని త్వరగా వేడెక్కే జబ్బు దానికి పుట్టుకతో ఉంది. రేడియేటరు సంగతి తేలాలి. పాత బ్రేకులు కడ్డీలతో లాగేవి. వాటి స్థానంలో 1940 నాటి హైడ్రాలిక్ బ్రేకులు బిగిస్తున్నాం. ఎడమవైపు కన్నానికి కొత్త రేకు అతుకు ఆవిడే వేసింది, నన్ను ముట్టుకోనివ్వలేదు.

నంబరు వచ్చి తొమ్మిది రోజులయింది. నిన్న రాత్రి ఇక్కడ పదకొండయింది, గుంటూరులో మర్నాడు ఉదయం పదకొండున్నర. ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తలేదు. డ్యూటీలో ఉండి ఉంటారు. సాయంత్రం మళ్ళీ చేస్తాను.